ఎవరి అమ్మమ్మ?

అమెరికాలో మేముండే డులూత్‌లో వారానికో సాయంత్రం ఒక గదిలో పదిహేను మంది దాకా చేరతాం. తలా ఒక వంటకం తెస్తారు. తింటూ మాట్లాడుకోవాలి, మాట్లాడేది మాత్రం అనిషినాబేమొవిన్‌లోనే. పాత కాగితాల్లో చిప్పెవా అనీ, ఇప్పుడు ఒజిబ్వే అనీ బయటివాళ్ళు పిలిచే ఆదివాసీ జనం తమను తాము అనిషినాబే అని చెప్పుకుంటారు. వాళ్ళ భాష అది. నేనక్కడ అతిథిని. సుపీరియర్ సరస్సు ఒడ్డున పద్నాలుగేళ్ళుగా కాపురముంటూ, ఈ ఊళ్ళకూ ఈ నీళ్ళకూ మొదట పేర్లు పెట్టినవాళ్ళ భాషలో ఒక్క వాక్యం కూడా రాకుండా ఉండటం తప్పనిపించి వెళ్ళడం మొదలుపెట్టాను.

మూడో వారం అనుకుంటాను, పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి, నేర్పే పెద్దావిడ పక్కన కూర్చుని అడిగాను. “అమ్మమ్మను మీ భాషలో ఏమంటారండీ?”

ఆవిడ చెప్పలేదు. “ఎవరి అమ్మమ్మ?” అన్నారు.

తెలుగుదాన్ని కదా, అమ్మమ్మా నాయనమ్మా అని అడుగుతున్నారనుకున్నాను. “తల్లి తరఫు” అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ అదే అడిగారు. “ఎవరి?”

అప్పుడు చేత్తో చూపిస్తూ చెప్పారు. తన గుండె మీద చెయ్యి వేసుకుని నూకొమిస్, మా అమ్మమ్మ. నా వైపు చూపించి గూకొమిస్, మీ అమ్మమ్మ. కిటికీ దగ్గర ఆడుకుంటున్న పిల్లాణ్ణి చూపించి ఊకొమిసన్, వాడి అమ్మమ్మ. తల్లి తరఫైనా తండ్రి తరఫైనా మాట ఒకటే. కానీ ఎవరికీ ఏమీ కాని ఉత్త అమ్మమ్మకు మాట లేదు. చెయ్యి, తల, గుండె కూడా అంతే. నా గుండె ఉంటుంది, నీ గుండె ఉంటుంది. ఎవరిదో చెప్పకుండా గుండె అనడం కుదరదు.

ఆదివారాల్లో ఇక్కడి తెలుగు పిల్లలకు నేను పాఠాలు చెబుతాను. ఆ రాత్రి ఇంటికొచ్చి నా అట్టల డబ్బా తెరిచాను. తెల్లజుట్టు, కళ్ళజోడు, ముడి పెట్టుకున్న ఒక ముసలావిడ బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ‘అమ్మమ్మ’. ఎవరి అమ్మమ్మ ఆవిడ? ఆ డబ్బాలో ఉన్నవాళ్ళెవరూ ఎవరికీ ఏమీ కారు. అనిషినాబేమొవిన్‌లో అయితే ఈ అట్ట తయారు చెయ్యడమే సాధ్యం కాదు. బొమ్మ గీయొచ్చు, కింద రాయడానికి మాట దొరకదు. ముందు ఒక చుట్టరికం ఏర్పడాలి, ఆ తర్వాతే మాట.

అప్పటినుంచి నా మనసులో గట్టిపడుతూ వచ్చిన అభిప్రాయం చెప్పడానికే ఇది రాస్తున్నాను. “ముందు భాష నేర్పండి, సంస్కృతి తర్వాత చూసుకోవచ్చు” అనే మాట ఇక్కడ చాలాసార్లు విన్నాను. మంచి మనసుతో అనేవాళ్ళే ఎక్కువ. ఆ మాట తప్పని నా నమ్మకం. ఈ భాషకు సంబంధించినంతవరకు ఆ రెండూ విడివిడిగా దొరకవు. సరస్సు, చెట్టు, కాలం, పెద్దవాళ్ళు, వాళ్ళ మర్యాదలు, వీటిని పక్కన పెడితే చేతిలో మిగిలేది పదాల పట్టికే. ఆ పట్టికతో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేరు.

భాష లోపలి అమరిక చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. మనం పేర్లతో చెప్పే ఎన్నో సంగతులను వీళ్ళు క్రియలతో చెబుతారు. అఖాతం మనకు నామవాచకం. వీళ్ళకు వీక్వేగమా, అంటే ‘అఖాతమై ఉంది’ అనే పూర్తి వాక్యం. ఎరుపుకు విడిగా విశేషణం లేదు. పడవ ఎర్రగా ఉంటే మిస్క్వా, ఆపిల్ పండు ఎర్రగా ఉంటే మిస్కొజి, రెండూ క్రియలే. ఊళ్ళ పేర్లలోనూ అంతే. మా రాష్ట్రం మిన్నెసోటాలో బెమిడ్జి అనే ఊరుంది. దాని అసలు పేరు బేమిజిగమాగ్. సరస్సుకు అడ్డంగా నీళ్ళు దాటిపోయే చోటని భావం. మిసిసిపీ నది ఆ సరస్సులో ఒకవైపు చేరి ఇంకోవైపు వెళ్ళిపోతుంది, అందుకని. డులూత్‌ను ఒనిగమీన్సింగ్ అంటారు, పడవను భుజానెత్తుకుని ఈ నీళ్ళ నుంచి ఆ నీళ్ళకు దాటే చిన్న దారి దగ్గర అని. ఒక్క మాటలో నేల వాలు, నీటి పోకడ, మనిషి భుజం మీది బరువు మూడూ ఉన్నాయి. పటంలో డులూత్ అని చదివేవాళ్ళకు ఇందులో ఏదీ అందదు.

తెలుగువాళ్ళకు ఈ భాషలో కొన్ని దగ్గరి దారులున్నాయని కూడా చెప్పాలి. హ్రస్వ దీర్ఘాల తేడా మనకు చెవికి పుట్టుకతో వచ్చిందే. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పక్కవాళ్ళు నెలల తరబడి కష్టపడే చోట నేను ఇబ్బంది పడలేదు. రోమన్ లిపిలో రెండేసి అచ్చులు రాసుకుని వాళ్ళు గుర్తుపెట్టుకునేదాన్ని నేను తెలుగు లిపిలో హాయిగా రాసుకుంటాను. ఇంకో సంగతి విన్నప్పుడు కుర్చీలోంచి లేచినంత పని చేశాను. వాళ్ళకూ మనం, మేము వేరు వేరు. గీనవింద్ అంటే మనం, వినేవాళ్ళతో కలిపి. నీనవింద్ అంటే మేము, వినేవాళ్ళను మినహాయించి. ఇంగ్లీషు ఆ రెంటినీ ఒక్క మాటలో కలిపేస్తుంది. “మన సరస్సు” అంటున్నారో “మా సరస్సు” అంటున్నారో ఇంగ్లీషులో తేలదు. నేలను గురించి ఒప్పందాలు కుదుర్చుకున్న రెండు జాతుల మధ్య అది చిన్న తేడా అనుకోను.

ఇక ఈ భాష గురించి రాసే ప్రతివాళ్ళూ ఎత్తే విషయానికి వస్తాను. నామవాచకాలన్నిటినీ ప్రాణమున్నవి, ప్రాణం లేనివి అని ఇందులో రెండు వర్గాలు చేస్తారు. దాన్నిబట్టి క్రియ మారిపోతుంది. ప్రాణమున్నదాన్ని చూస్తే నివాబమా, లేనిదాన్ని చూస్తే నివాబందాన్. రెండూ “చూస్తున్నాను” అనే. చెట్టు ప్రాణమున్నది, సరే. రాయి, అసిన్, అదీ ప్రాణమున్నదే. మంచు, మంచుగడ్డ, సూర్యుడు, చంద్రుడు, డోలు, పొగాకు, వంట కుండ, రొట్టె, ఇవన్నీ ఆ వర్గమే. ఇది విన్నవెంటనే చాలామంది మెత్తబడిపోతారు. “రాయిలోనూ ప్రాణాన్ని చూసే భాష, ఎంత గొప్ప దృష్టి!” అంటారు. మొదట్లో నేనూ అన్నాను.

కానీ ఆ జాబితా ఇంకాస్త చదివితే తికమక మొదలవుతుంది. రాస్ప్‌బెర్రీ, మిస్కొమిన్, ప్రాణమున్నది. స్ట్రాబెర్రీ, ఒదేఇమిన్, లేనిది. ఆ పేరులోనే గుండె ఉంది, గుండెపండు అని అర్థం, అయినా లేనిదే. నది లేనిది, సరస్సు లేనిది. వాళ్ళ బతుకుకే ఆధారమైన మనూమిన్, అంటే సరస్సుల్లో దానంతటదే పెరిగే ధాన్యం, ఇంగ్లీషువాళ్ళు వైల్డ్ రైస్ అనేది, అది కూడా వ్యాకరణంలో ప్రాణం లేనిదే. మరి మనూమిన్‌ను వాళ్ళు చుట్టంలా, బహుమతిలా చూసుకోవడం ఎక్కడినుంచి వచ్చింది? పట్టికలోంచి వచ్చే వీల్లేదు.

ఇర్వింగ్ హాలోవెల్ అనే మానవశాస్త్రవేత్త కెనడాలో బెరెన్స్ నది ఒడ్డున ఒక అనిషినాబే ముసలాయన్ని అడిగాడు, ఇక్కడ మన చుట్టూ కనిపిస్తున్న రాళ్ళన్నీ ప్రాణమున్నవేనా అని. ఆయన చాలాసేపు ఆలోచించి చెప్పాడు, కాదు, కానీ కొన్ని ఉన్నాయి అని. 1960లో హాలోవెల్ ఈ సంగతి అచ్చు వేశాడు. ఆ జవాబు నాకు చాలా ఇష్టం. వ్యాకరణం ప్రకారం రాళ్ళన్నీ ఒక్కటే. ఆ పెద్దాయన మాత్రం తను చూసిన రాళ్ళనూ, తన తండ్రులు చూసిన రాళ్ళనూ గుర్తు చేసుకుని, ఒక్కొక్కదాన్నీ తూచి జవాబు చెప్పాడు.

మన వ్యాకరణమే చూడండి. ఏకవచనంలో ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది. మహత్తు, అమహత్తు అన్న మన విభజనలో అమ్మ బస్సుతో పాటు నిలబడింది. దీన్నిబట్టి తెలుగువాళ్ళు తల్లిని వస్తువుగా చూస్తారని ఎవరైనా పుస్తకం రాస్తే ఒప్పుకుంటామా? తల్లిని ఎలా చూడాలో పిల్లవాడికి క్రియావిభక్తి నేర్పలేదు. అమ్మ నిద్రపోతుంటే చప్పుడు చెయ్యొద్దని నాన్న వేలెత్తి చెప్పిన మధ్యాహ్నాలు నేర్పాయి. అందుకే, ఆదివాసీ లోకదృష్టితో భాష నేర్పడమంటే “రాయికి ప్రాణముంది” అని బోర్డు మీద రాయడమని ఎవరైనా అనుకుంటే, అది కూడా అట్టల డబ్బా లాంటిదే. కాస్త అందమైన డబ్బా, అంతే. రాయితో, చెట్టుతో, ధాన్యంతో ఏం చెయ్యాలో, ఎలా మసలుకోవాలో ఆ భాషలోనే చేస్తూ నేర్చుకోవాలి.

అలా నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఒక సెప్టెంబరులో చూశాను. మనూమిన్ కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు దాకా నడుస్తుంది. ఒక్కో పడవలో ఇద్దరు. ఒకరు వెనక నిలబడి పొడుగాటి గడతో పడవను గడ్డిలోకి నెడతారు. ఇంకొకరు కూర్చుని రెండు తేలికపాటి దేవదారు కర్రలు పట్టుకుంటారు. ఒక కర్రతో కంకుల్ని పడవ మీదికి వంచి, రెండోదాంతో మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది. పండనిది కంకికే ఉండిపోతుంది, రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ రావచ్చు. కొన్ని గింజలు నీళ్ళలో పడతాయి, వచ్చే ఏటి విత్తనం అదే. గట్టిగా కొడితే మొక్క విరుగుతుంది. నెల పేరే మనూమినికే-గీజిస్, ధాన్యం కోసే చంద్రుడు.

బయల్దేరేముందు ఒక పెద్దాయన నీళ్ళ ఒడ్డున పిల్లల్ని నిలబెట్టాడు. ప్రతి పిల్ల చేతిలో చిటికెడు పొగాకు పోశాడు, అసేమా అంటారు. పిల్లలు దాన్ని నీళ్ళ దగ్గర పెట్టి, తమ పేరు, తమ దూదేమ్, తాము ఏ ఊరివాళ్ళో చెప్పుకున్నారు. దూదేమ్ అంటే వంశం గుర్తు, ఎలుగుబంటి, కొంగ, చేప ఇలా. ఇంగ్లీషులోని టోటెమ్ అనే మాట ఇందులోంచే పుట్టింది. వాళ్ళు చెప్పుకున్నది సరస్సుకు. ఇంటిపేరూ ఊరిపేరూ చెప్పుకోకుండా మనం కొత్త ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగం, అది గుర్తొచ్చింది. భాషాబోధన పుస్తకాల్లో “స్వపరిచయం” మొదటి పాఠంగా ఉంటుంది కదా, పక్కవాడితో చెప్పి మార్కులు వేయించుకునే పాఠం. ఇక్కడా అదే పాఠం. కానీ ఏడేళ్ళ పిల్ల కళ్ళు నీళ్ళ మీద పెట్టి, గొంతు తగ్గించి “ఇందూంజిబా” అంది, ఫలానా చోటినుంచి వచ్చినదాన్ని అని. నేర్పే పెద్దల దగ్గర ఏదైనా అడగాలన్నా ముందు అసేమా ఇచ్చి అడగాలి. మా బల్ల దగ్గర మొదటి రోజున ఇది తెలీక ప్రశ్నలు వేశాను. పక్కనున్న అమ్మాయి తర్వాత నెమ్మదిగా చెప్పింది. తాంబూలమిచ్చి అడగడం తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని, ఇది వేరే ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

ఒడ్డుకు తెచ్చిన ధాన్యాన్ని ఎండబెడతారు. తర్వాత పెద్ద ఇనప కుండలో వేసి, తెడ్డుతో కలుపుతూ సన్నటి మంట మీద వేయిస్తారు. గుంటలో పోసి, మెత్తటి తోలు చెప్పులేసుకుని పొట్టు వదిలేదాకా దాని మీద తొక్కుతూ ఆడతారు. ఆఖరున చెరుగుతారు. చెరిగే పళ్ళేన్ని నూష్కాచినాగన్ అంటారు, భూర్జచెట్టు బెరడుతో కుట్టినది, వెడల్పుగా, అంచులు పైకి లేచి. ఒకామె దాన్ని నా చేతికిచ్చింది. నేను చెరిగాను. మా నాయనమ్మ వాకిట్లో చేట పట్టి చెరిగే కదలికే, మణికట్టు ముందుకు విసిరి వెనక్కి లాగడం, అరచేతి మొదట్లో తట్టడం. ముప్ఫై ఏళ్ళుగా నా చేతులు చేట పట్టలేదు. పొట్టు గాలికి లేచిపోయింది, గింజలు వెనక్కి వచ్చాయి. ఆమె నవ్వి ఒక క్రియ అంది. ఆ మాట నేను ఎక్కడా రాసుకోలేదు, ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఆ సాయంత్రం మనకున్న మాటలు ఒక్కొక్కటీ తలకొచ్చాయి. చెరగడం వేరు, నేమడం వేరు, జల్లించడం వేరు, గాలించడం వేరు, తూర్పారబట్టడం వేరు. మా అమ్మాయికి ఇవన్నీ “క్లీన్ చెయ్యడం”. తప్పు దానిది కాదు. దాని చేతికి నేను చేట ఇవ్వలేదు, బియ్యంలో రాళ్ళుండే ఇంట్లో పెంచలేదు. మాట వెనకాల పని లేనప్పుడు మాటను మాత్రం బతికించమని పిల్లను అడగడం అన్యాయం.

నేర్చుకోవడానికి వాళ్ళకున్న మాటల్లో ఒకటి గికినవాబి, చూస్తూ నేర్చుకోవడం. చదువుకు వాడే పెద్ద మాట గికినూఅమాదివిన్, అందులో “ఒకరికొకరు” అనే అర్థమిచ్చే ముక్క ఉంది. మనం మాట్లాడుకోవడం, చెప్పుకోవడం అన్నప్పుడు ‘కొను’ చేరుతుంది కదా, అలాంటిది. విస్కాన్సిన్‌లో లకూడరే రిజర్వేషన్‌లో 2001లో మొదలైన బడి పేరు వాదూకొదాదింగ్, ఒకరికొకరు సాయపడే చోటు. రిజర్వేషన్ అంటే మనం వాడే అర్థం కాదు, ఒప్పందాల తర్వాత తెగకు మిగిలిన నేల. ఆ బడిలో లెక్కలూ సైన్సూ కూడా అనిషినాబేమొవిన్‌లోనే చెబుతారు. వసంతంలో పిల్లలు మేపుల్ తోటకు పోతారు, శరదృతువులో మనూమిన్‌కు. నలభై లీటర్ల మేపుల్ రసం మరిగిస్తే దాదాపు ఒక లీటరు పాకం వస్తుంది. ఆ లెక్క కట్టెల పొగలో నిలబడి చేసిన పిల్లకు నిష్పత్తి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, ఆ భాషలో లెక్కలు చెప్పలేమని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు.

ఇదంతా బడి వేళలతో ముడిపడిన విషయం. చరిత్ర చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బోర్డింగ్ స్కూల్ పెట్టిన రిచర్డ్ హెన్రీ ప్రాట్, అతనిలోని ఇండియన్‌ను చంపి మనిషిని కాపాడాలని 1892లో బహిరంగంగా చెప్పాడు. 1819 నుంచి 1969 దాకా ఇలాంటి బడులను 408 లెక్కపెట్టామని అమెరికా ప్రభుత్వ శాఖే 2022లో నివేదిక ఇచ్చింది. కెనడాలో లక్షా యాభై వేల మంది పిల్లలు రెసిడెన్షియల్ స్కూళ్ళలో పడ్డారు, అవి 1990ల దాకా నడిచాయి. సొంత భాషలో మాట్లాడితే కొట్టడం, నోట్లో సబ్బు పెట్టడం గురించి బయటపడ్డవాళ్ళు ఎంతోమంది చెప్పారు, మనం వింటూనే ఉన్నాం. అంతగా మాట్లాడుకోనిది ఒకటుంది. ఆ బడులు పిల్లల్ని సెప్టెంబరు నుంచి వేసవి దాకా, కొందర్ని ఏళ్ళ తరబడి, ఇంటికి దూరంగా ఉంచాయి. అంటే మనూమిన్ కోసేటప్పుడు లేరు. మేపుల్ రసం కారేటప్పుడు లేరు. చలికాలంలోనూ లేరు. ఆదిజూకాన్ అనే పవిత్రమైన కథలు నేల మీద మంచు ఉన్నంతకాలమే చెబుతారు, మంచు కరిగితే ఆపేస్తారు. ఆ కథ కూడా వ్యాకరణంలో ప్రాణమున్నదే. మామూలు కబురు, దిబాజిమొవిన్, లేనిది. కథ ప్రాణమున్నదైతే దానికి వచ్చే వేళ, పోయే వేళ ఉంటాయి. పిల్ల నోట్లో సబ్బు పెట్టకపోయినా సరే, ఆ మూడు కాలాల్లో ఆమెను ఇంట్లో లేకుండా చేస్తే భాష సగం పోతుంది.

అందుకే ఇప్పుడు వారానికి మూడు గంటల పీరియడ్ పెట్టి, గోడమీద జంతువుల బొమ్మలంటించి, భాషను తిరిగి ఇచ్చేశామనుకుంటే నాకు కష్టంగా ఉంటుంది. దెబ్బ తిన్నచోట మందు వెయ్యడం లేదు. కెనడాలో సూ సెయింట్ మేరీ ఊరి దగ్గరి పెద్ద నాయకుడు షింగ్వాకోన్స్ తన జనం పిల్లలకు ‘బోధన విగ్వామ్’, అంటే చదువు చెప్పే గుడిసె, కావాలని కలగన్నాడు, రెండు లోకాల చదువూ ఒకేచోట దొరికేలా. ఆయన పేరు మీద వచ్చింది మాత్రం రెసిడెన్షియల్ స్కూల్. 1970లో అది మూతపడింది. ఆ ఆవరణలోనే ఇప్పుడు విశ్వవిద్యాలయం ఉంది, పక్కనే అనిషినాబే వాళ్ళే నడుపుకునే విద్యాసంస్థ ఉంది. ఆయన అడిగింది ఇదే, నూట యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలో బలముంది. మినియాపోలిస్‌లో అపార్ట్‌మెంట్లో ఉంటూ రెండు ఉద్యోగాలు చేసే తల్లికి సరస్సు ఎక్కడ, తోట ఎక్కడ? ఆమె పిల్లకు భాష వద్దా? పుట్టుకతో మాట్లాడే పెద్దలు ఏటికేడూ తగ్గిపోతుంటే, పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకు క్రియల పట్టికలు ఇవ్వకుండా తోటలు తిప్పుతూ కూర్చుంటారా? నిజమే. ఈ భాషలో క్రియారూపాలు వేలల్లో ఉంటాయి, వినిపించుకుంటూ కూర్చుంటే రావు. 2012 నుంచి మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడుపుతున్న ఒజిబ్వే జనుల నిఘంటువులో పెద్దల గొంతుతోనే మాటలు వినొచ్చు. నేను దాన్ని రోజూ వాడతాను. వ్యాకరణం వద్దని నేననను.

కానీ ఆ నగరపు తల్లి అడుగుతున్నదేమిటో చూడండి. ఆమె అట్టల డబ్బా అడగడం లేదు. పిల్లను పొద్దున లేపడానికి, జడ వెయ్యడానికి, కోప్పడటానికి, ముద్దు చెయ్యడానికి మాటలు అడుగుతోంది. అదీ చుట్టరికమే, అదీ పనే. వంటింట్లో పుట్టే క్రియలు సరస్సు దగ్గర పుట్టే క్రియలకు తీసిపోవు. లోకదృష్టి అనేది అడవిలో మాత్రమే ఉంటుందని అనుకోవడం కూడా అనిషినాబే వాళ్ళను పాతకాలంలో బంధించడమే. నా పట్టు ఒక్కచోటే, మాట ఎవరో ఒకరికి, ఏదో ఒక పని మధ్యలో, పుట్టాలి. ఆ తర్వాత పట్టికలో దాన్ని చూసుకుంటే నిలుస్తుంది.

ఇంకో సంగతి ఉంది, బడి గోడలు దాటినది. మనూమిన్ పోతే మనూమిన్ మాటలు పోతాయి. జూన్‌లో ఆ మొక్క ఆకు నీటి మీద తేలుతుండగా నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే వేళ్ళతో సహా లేచిపోతుంది. గనుల నుంచి వచ్చే సల్ఫేట్ దానికి పడదు, అందుకే 1973లోనే మిన్నెసోటా మనూమిన్ నీళ్ళల్లో సల్ఫేట్ లీటరుకు పది మిల్లీగ్రాములు దాటకూడదని నియమం పెట్టింది. ఆ పది మిల్లీగ్రాముల గురించి జరిగే వాదులాట గనులకూ పర్యావరణానికీ సంబంధించినదని పత్రికలు రాస్తాయి. నా దృష్టిలో అది భాషాబోధన వ్యవహారం కూడా. 1974లో లకూడరేకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రిజర్వేషన్ గీత దాటి చేపలు పట్టారని పట్టుకున్నారు. పాత ఒప్పందాల్లో వేట, చేపలు, ఏరుకోవడం తమ హక్కుగా మిగుల్చుకున్నామని తెగ వాదించింది, 1983లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది. 1999లో మిల్ లాక్స్ తెగ కేసులో సుప్రీంకోర్టు కూడా 1837 ఒప్పందం హక్కులు నిలిచే ఉన్నాయని చెప్పింది. ఆ హక్కు లేకపోతే పిల్లలు ఏ సరస్సు మీదికి పోయి నేర్చుకుంటారు? 2018 చివర్లో వైట్ ఎర్త్ తెగ ఇంకో అడుగు ముందుకేసి, మనూమిన్‌కే హక్కులున్నాయని, బతికే హక్కు, వర్ధిల్లే హక్కు ఉన్నాయని చట్టం చేసింది. వ్యాకరణంలో ప్రాణం లేనిదని రాసున్న మొక్క వాదిగా తెగ కోర్టుకెక్కింది.

ఇక మన సంగతి. మన తెలుగు పిల్లలకు తెలుగు రావడం లేదని బాధపడుతూ నేను ఆ బల్ల దగ్గరికి వెళ్ళాననుకునేదాన్ని. ఇప్పుడలా పోల్చుకోను. 2011 జనగణనలోనే ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాష మనది. ఎవరూ మన పిల్లల్ని రైలెక్కించి తీసుకుపోలేదు. వాళ్ళ గాయాన్ని మన గాయమనడం సరికాదు. ఇంకా చెప్పాలంటే, మన దగ్గర ఆ కథలో ఇంగ్లీషు వేసిన వేషం తెలుగే వేసింది. ఏజెన్సీలో సవర పిల్ల, కోయ పిల్ల, గోండు పిల్ల మొదటి రోజు బడికి వెళ్తే ఎదురైన పరాయి భాష తెలుగు. ఇప్పపువ్వు రాలే మార్చి ఏప్రిల్ నెలల్లో వాళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో మన వాచకాలు చదువుతూ పరీక్షలు రాస్తుంటారు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజని. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలిస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. దాని గురించి ఆ రోజు సభల్లో ఒక్క నిమిషమైనా మాట్లాడటం నేను వినలేదు. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా, ఈ ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు వచ్చాయి. మంచి పని. కానీ తెలుగు వాచకాన్ని మాటకు మాట మార్చి, మన లిపిలో అచ్చు వేసి ఇస్తే సరిపోదని, ఆ గూడెంలో ఏ నెలలో ఏ పని జరుగుతుందో, ఎవరు ఎవరికి నేర్పుతారో అడిగి అక్కణ్ణించి పాఠం మొదలుపెట్టాలని ఈ ఒడ్డున కూర్చుని నేర్చుకున్నాను. అనిషినాబే వాళ్ళ కథ విని కన్నీళ్ళు పెట్టుకునే తెలుగువాళ్ళు మన గూడేల దాకా ఆ చూపును తీసుకెళ్ళాలని నా కోరిక.

మా ఆదివారం తరగతిలో ఈ ఏడు ఒక్క మార్పు చేశాను. అమ్మమ్మ అట్ట తీసేశాను. ఎవరి అమ్మమ్మకు వాళ్ళు ఫోన్ చేసి, బియ్యం ఎలా చెరిగేవాళ్ళో అడిగి రమ్మన్నాను. మా అన్నయ్యతో వెదురు చేటలు రెండు తెప్పించాను. గది నిండా పొట్టు అయింది. ఒక బాబు వాళ్ళ మచిలీపట్నం అమ్మమ్మ చెప్పిన మాట మోసుకొచ్చాడు, నేమడం అని. నాకు తప్ప ఆ గదిలో ఎవరికీ తెలీదు. వాడే నిలబడి మిగిలినవాళ్ళకు చేటను గుండ్రంగా తిప్పి చూపించాడు.

మొన్న మార్చి చివరివారం బల్ల దగ్గరికి వెళ్తే గదికి తాళం వేసి ఉంది. తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. రాత్రిళ్ళు గడ్డకట్టి పగలు కరుగుతోంది కదా, రసం మొదలైంది. ఆవిడ చేతిరాతతో రెండు లైన్లు, ఆ భాషలోనే. ఒక మాట దగ్గర ఆగి నిఘంటువు తీశాను, అవసరం లేకుండానే అర్థమైందని తెలిసి మూసేశాను. ఈ వారం క్లాసు తోటలో, వెచ్చటి బట్టలేసుకు రండి, బకెట్లు తెచ్చుకోండి. కింద చిన్న అక్షరాల్లో, పిల్లలుంటే వాళ్ళనీ తీసుకురండి అని ఉంది. కారు తిప్పి ఇంటికెళ్ళి మా అమ్మాయిని లేపాను.